డీజిల్ గుంజని పాత లారీ: పంపు మార్చే ముందు, మార్చేటప్పుడు

పత్తి మార్కెట్‌కు రావడం మొదలయ్యే అక్టోబరులో వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "సెల్ఫ్ మంచిగనే తిరుగుతుందన్నా, బండే స్టార్ట్ అయితలేదు. పంపు పోయినట్టుంది." వానాకాలమంతా ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబడ్డ పాత టాటా 407 లారీ, ఎనుమాముల మార్కెట్‌కు లోడు తీయాల్సిన పొద్దుననే మొండికేస్తుంది. వెంటనే ఎవరో ఒకరు కొత్త పంపు తెమ్మంటారు.

పంపు పోయి ఉండొచ్చు. కానీ ఆ బండిలో పంపులు రెండున్నాయి. ఒకటి ఓపికున్నవాళ్లు ఇంటి దగ్గరే ఒక పూటలో మార్చుకోగలిగేది. రెండోది ఇంటి దగ్గర మూత కూడా విప్పకూడనిది. ఇక చాలాసార్లు రెండూ బాగానే ఉండి, తప్పు వాటికంటే ముందున్న పైపులోనో, ట్యాంకులోనో, రెండు రూపాయల వాషర్‌లోనో ఉంటుంది. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకుంటే డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది.

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్ లేని పాత డీజిల్ బళ్ల గురించి: 1986లో వచ్చిన టాటా 407లో పాత మోడళ్లు, ఆరు సిలిండర్ల టాటా లారీలు, పాత లేలాండ్‌లు. కొత్త బళ్ల సంగతి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

డీజిల్ నడిచే దారి

ట్యాంకులో డీజిల్ ఇంజిన్ కంటే కిందనే ఉంటుంది. దాన్ని పైకి లాగేది ఫీడ్ పంపు. పెద్ద పంపు పక్కకు మూడు నట్లతో అతుక్కుని, పైన చేత్తో కొట్టే గుబ్బ ఉన్న చిన్న పంపు అదే. అక్కడి నుంచి డీజిల్ ఫిల్టర్ల గుండా పోయి పెద్ద పంపులోకి, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపులోకి చేరుతుంది. మెకానిక్‌లు ఎఫ్‌ఐపీ అంటారు. చాలా బళ్లలో దాని మీద మైకో పలక కనిపిస్తుంది. 1951లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ 2008 నుంచి బాష్ పేరుతో నడుస్తోంది. మన దగ్గర మాత్రం ఇంకా మైకో పంపే.

ఈ రెండు పంపుల పనిలో పోలికే లేదు. ఫీడ్ పంపు తోసేది ఒకటి రెండు బార్‌ల ఒత్తిడితోనే. ఎఫ్‌ఐపీ మాత్రం 200 బార్‌లకు పైబడిన ఒత్తిడిని దాటి, సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ తెరుచుకునేలా డీజిల్‌ను కొట్టాలి. అదీ ఒక్కోసారికి చుక్కకు అటూఇటూ ఉండే కొలతలో. ఇంజిన్ 2000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కు సెకనుకు పదహారు పదిహేడు సార్లు. అందుకే దానిలోపల ఆడే కడ్డీ ప్లంజర్‌కూ, అది ఆడే గొట్టం బ్యారెల్‌కూ మధ్య ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. ఈ జంటనే మేస్త్రీలు ఎలిమెంట్ అంటారు. ఒకదాని ప్లంజర్ ఇంకోదాని బ్యారెల్‌లో వేయడానికి ఉండదు.

ఫీడ్ పంపు గుణం అర్థం కావాలంటే ఊళ్లో పాత చేతి బోరింగ్‌ను గుర్తు తెచ్చుకుంటే చాలు. వాషర్ అరిగిన బోరింగ్ ఎంత కొట్టినా గాలే వస్తుంది, పైనుంచి చెంబెడు నీళ్లు పోస్తే అందుకుంటుంది. ఫీడ్ పంపు కూడా గాలిని లాగడంలో బలహీనం, డీజిల్‌ను లాగడంలో బలం. దారిలో ఎక్కడ సన్నని సందు దొరికినా గాలి లోపలికి వస్తుంది. ఆ సందులోంచి డీజిల్ బయటికి కారకపోవచ్చు, ఎందుకంటే అక్కడున్నది లాగే ఒత్తిడి, తోసేది కాదు. "ఎక్కడా లీకేజీ లేదు కదా" అని చాలామంది పొరబడేది ఇక్కడే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లీకు కంటికి తడిగా కనిపించదు.

ఇంకో విషయం. ఎఫ్‌ఐపీలో తిరిగే క్యామ్ షాఫ్ట్ మీదున్న ఎక్సెంట్రిక్ (ఒక పక్కకు ఉబ్బిన చక్రం) ఫీడ్ పంపు రోలర్‌ను నొక్కుతుంది, కానీ డీజిల్‌ను ఫిల్టర్ వైపు తోసేది తిరిగొచ్చే స్ప్రింగ్. ఫిల్టర్ల వైపు నిండిపోతే స్ప్రింగ్ ఆగుతుంది, ఒత్తిడి దానంతటదే అదుపులో ఉంటుంది. ఏళ్లు గడిచి ఆ స్ప్రింగ్ నీరసించినా, లోపలి రెండు చిన్న వాల్వుల కింద చెత్త ఇరుక్కున్నా ఖాళీ బండి బాగానే నడుస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే పికప్ పడిపోతుంది.

తప్పు ఏ వైపు ఉంది?

మొదట పైసా ఖర్చు లేనివి. ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో బానెట్ కింద లీవర్ దగ్గర చూడాలి. తుప్పు పట్టిన కేబుల్ సగంలో ఇరుక్కుంటే ఎఫ్‌ఐపీ ఒక్క చుక్క కూడా వదలదు, పంపు పోయినట్టే అనిపిస్తుంది. పది పదిహేను కిలోమీటర్లు నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయ్యే బండికి ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయినట్టు. తర్వాత ఫిల్టర్ కింది డ్రెయిన్ విప్పి గాజు సీసాలోకి వదలండి. అడుగున నీళ్లు విడిగా నిలబడితే సీజన్ వాహనానికి వచ్చే మామూలు రోగమే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమ గాలి చల్లబడి నీరవుతుంది. ఇనుప ట్యాంకు తుప్పు దానికి తోడై పైపు మొదట్లోని జల్లెడను మూసేస్తుంది.

ఇవన్నీ బాగుంటే డబ్బా పరీక్ష. రోడ్డు పక్క మెకానిక్‌లు దీన్ని ఎప్పటి నుంచో చేస్తున్నారు, నా ఉద్దేశంలో ఇంతకు మించిన పరీక్ష లేదు. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తులో గట్టిగా కట్టి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపు ఇన్లెట్‌కు ఇవ్వాలి. చేతిపంపు, అంటే ఫీడ్ పంపు పైనున్న గుబ్బ కొట్టి గాలి తీసి స్టార్ట్ చేయాలి. బండి చక్కగా నడిచిందంటే పంపులను అనుమానించే ముందు ట్యాంకు, జల్లెడ, పైపు, వాషర్లు చూడాలి.

కాకపోతే ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. ఎత్తు నుంచి దానంతటదే పారుతున్న డీజిల్ నీరసించిన ఫీడ్ పంపును కూడా గట్టెక్కిస్తుంది. అందుకని రెండోసారి అదే డబ్బాను కిందికి, ట్యాంకు ఎత్తుకు దింపి చూడాలి. కొత్త గొట్టంతో, శుభ్రమైన డబ్బాతో కూడా ఆ ఎత్తు నుంచి లాగలేకపోతే తప్పు ఫీడ్ పంపుదే. ఇన్లెట్ దగ్గర ఒక జానెడు పారదర్శక గొట్టం పెడితే బుడగలు కూడా కళ్లముందే కనిపిస్తాయి.

ఫీడ్ పంపులో ఏది పాడైందో కూడా తెలుసుకోవచ్చు. ఫిల్టర్‌కు పోయే పైపు విప్పి సీసాలో పెట్టి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో సెల్ఫ్ మోటారును చల్లారనివ్వాలి. డీజిల్ ఆగి ఆగి బలంగా చిమ్మాలి. చేత్తో కొడితే వస్తూ, సెల్ఫ్ కొడితే రాకపోతే వాల్వులు బాగున్నట్టు, ప్లంజరో స్ప్రింగో పట్టేసినట్టు. రెండు విధాలా రాకపోతే వాల్వులు సీటు మీద కూర్చోవడం లేదు. గుబ్బ చుట్టూ చెమర్చినట్టు ఉంటే దాని ఓ-రింగు అరిగింది, గాలి అక్కడి నుంచే వస్తోంది.

బండి ఎప్పుడు మొండికేస్తుందన్నది కూడా సాక్ష్యమే. రాత్రంతా నిలబడ్డాక పొద్దున స్టార్ట్ కాకుండా, చేతిపంపు కొడితే అందుకునే బండిలో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతోంది. అది గాలి సందు, లేదా ఫీడ్ పంపు వాల్వు. దీనికి తలకిందులుగా, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, మేలో 44, 45 డిగ్రీల ఎండలో లోడు దింపి మళ్లీ కొడితే రాని బండి ఎఫ్‌ఐపీ ఎలిమెంట్లు అరిగాయని చెబుతోంది. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన ప్లంజర్ పక్క నుంచి జారిపోతుంది. సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగంలో నాజిల్ తెరిచేంత ఒత్తిడి రాదు. రోటరీ పంపు (సిలిండర్‌కొక ఎలిమెంట్ కాకుండా ఒక్కటే అన్నింటికీ డీజిల్ పంచే రకం) ఉన్న బళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు పంపు మీద తడి గోనెసంచి కప్పి, అది చల్లబడ్డాక స్టార్ట్ అయితే అనుమానం బలపడుతుంది. కాగుతున్న పంపు మీద బకెట్ నీళ్లు కుమ్మరించడం మాత్రం వద్దు. ఉన్న ఎలిమెంట్ కూడా పట్టేయగలదు.

ఎఫ్‌ఐపీ పక్కన ఒక చిన్న ఓవర్‌ఫ్లో వాల్వు ఉంటుంది, మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపేది. దాని స్ప్రింగ్ విరిగితే ఫీడ్ పంపు తోసిందంతా వెనక్కి పోతుంది. దీన్ని చూడకుండా ఫీడ్ పంపు మార్చి, ఆ తర్వాత ఎఫ్‌ఐపీ విప్పినవాళ్లున్నారు.

ఫీడ్ పంపు మార్పు

పొద్దుటిపూట పెట్టుకోవడం మంచిది. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదని అందరికీ ఒక ధీమా. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్‌కు, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడికి ఉన్న కనీస హద్దు 35 డిగ్రీలే. ఎండాకాలం మధ్యాహ్నం వరంగల్‌లో గాలే అంతకంటే వేడిగా ఉంటుంది, అంటే డబ్బాలోని డీజిల్ మీద మండే ఆవిరి ఉండే అవకాశం ఉంది. బీడీ, వెల్డింగ్, గ్రైండర్ దగ్గర్లో ఉండకూడదు. చదునైన నేల, చక్రాలకు అడ్డు, బ్యాటరీ నెగెటివ్ తీసేయడం, ఈ మూడింటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

పని మొత్తంలో ఎక్కువ సమయం తినేది తుడవడం, తినాల్సింది కూడా అదే. పంపు చుట్టూ ఏళ్ల నాటి జిడ్డు, దుమ్ము ఉంటుంది. బ్రష్‌తో, శుభ్రమైన డీజిల్‌తో కడిగి, నూలు రాలని గుడ్డతో తుడిచాకే మొదటి బోల్టు విప్పాలి. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగు ఒకటి పైపులోకి పోతే నేరుగా వాల్వు కిందికి చేరుతుంది.

పైపులను పట్టుకునే బోలు బోల్టులకు సాధారణంగా 17 లేదా 19 స్పానర్ పడుతుంది. ఏది ఇన్లెట్, ఏది ఔట్‌లెట్ అని విప్పకముందే గుర్తు పెట్టుకోండి. తిప్పి బిగిస్తే పంపు లాగదు. ట్యాంకు పైపు మూతిని ప్లాస్టిక్ కాగితంతో కట్టేయాలి. తర్వాత మూడు నట్లు, 10 స్పానర్. పంపును నేరుగా బయటికి లాగినప్పుడు రోలర్ ట్యాపెట్ జారి కింద పడకుండా చేయి అడ్డు పెట్టండి. గూడులోంచి కొంచెం ఇంజిన్ ఆయిల్ వస్తుంది, అది మామూలే. ఆ ఆయిల్ పలచగా, డీజిల్ వాసనతో ఉంటే మాత్రం మామూలు కాదు. ఫీడ్ పంపు స్పిండిల్ సీలు అరిగి డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ ఎవరూ పోయకుండానే లెవెల్ పెరిగి ఉంటే, కొత్త పంపు వేశాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చకుండా ఇంజిన్ తిప్పొద్దు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను తింటుంది. లెవెల్ మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే బ్రీదర్ గుండా పీల్చుకుని, యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా రేసైపోయే ప్రమాదం కూడా ఉంది.

కొత్త పంపు కొనేటప్పుడు బండి మోడల్ పేరు చెబితే సరిపోదు. పాత పంపు మీది నంబరు చూపించాలి, వీలైతే పాతదాన్నే చేతిలో పట్టుకుపోవాలి. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి పంపు మారిపోయింది. గ్యాస్కెట్ మందం కూడా పాతదానంతే ఉండాలి. మందం పెరిగితే రోలర్ ఎక్సెంట్రిక్‌కు దూరమై స్ట్రోక్ తగ్గుతుంది. ఇంట్లో అట్టపెట్టె కత్తిరించి చేసే గ్యాస్కెట్లు వద్దనేది అందుకే.

బిగించేటప్పుడు పంపు సమంగా కూర్చోకుండా ఎదురు తోస్తుంటే ఎక్సెంట్రిక్ ఎత్తు ఆ వైపు ఉన్నట్టు. నట్లతో బలవంతంగా లాగకుండా ఇంజిన్‌ను కొంచెం చేత్తో తిప్పితే పంపు దానంతటదే లోపలికి పోతుంది. నట్లు మూడింటినీ మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించాలి. గూడు అల్యూమినియం, మర పోతే రిపేరు ఖర్చు కొత్త ఫీడ్ పంపును మించిపోతుంది. రాగి వాషర్లు ప్రతి బోలు బోల్టుకూ రెండేసి, కొత్తవే వేయాలి. ఆదివారం షాపులు మూసి ఉంటే పాత వాషర్లను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి. ఇది ఉత్త నాటు చిట్కా కాదు, కాలిస్తే రాగి నిజంగానే మెత్తబడుతుంది. పైన పేరుకున్న నల్లటి పొరను మాత్రం రుద్దేయాలి.

ఇక గాలి తీయడం. ఫిల్టర్ పైన స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి, డీజిల్ వస్తుండగానే బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే వరుసగా రెండూ. తర్వాత ఎఫ్‌ఐపీ మీద స్క్రూ దగ్గర అదే పని. ఈ వరుస తప్పితే గాలి ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. చివర్లో గుబ్బను కిందికి నొక్కి మరలో గట్టిగా బిగించడం మరిచిపోవద్దు. వదిలేస్తే పంపు అక్కడి నుంచే గాలి లాగుతుంది, కొత్త పంపు కూడా పోయిందన్న టెన్షన్ మొదలవుతుంది.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొడతారు. ఇక్కడ చేతులు, ముఖం దూరంగా ఉండాలి. ఆ ఒత్తిడితో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. లోపల మాత్రం కండ చనిపోతూ ఉంటుంది. పసుపు పెట్టి కట్టు కట్టుకునే గాయం కాదిది. వెంటనే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చెయ్యే తీసేయాల్సి వస్తుంది.

పెద్ద పంపు దగ్గర ఆగాల్సిన చోటు

ఎఫ్‌ఐపీ పైస్క్రూ దగ్గర బుడగ లేకుండా డీజిల్ వస్తోంది, స్టాప్ లీవర్ సరిగానే ఉంది, అయినా నాజిల్ పైపుల దగ్గర ఏమీ రావడం లేదు, లేదా కొన్నింట్లోనే వస్తోంది. అప్పుడు తప్పు ఎఫ్‌ఐపీలోనే. ఇంటి దగ్గర చేయగలిగిందల్లా దాన్ని విప్పి పంపు షాపుకు పట్టుకుపోవడం వరకే. అది కూడా టైమింగ్ పెట్టడం తెలిసిన మనిషి పక్కనుంటేనే.

ఎఫ్‌ఐపీ ఫలానా సిలిండర్‌కు ఫలానా డిగ్రీ దగ్గర డీజిల్ కొట్టేలా ఇంజిన్‌తో ముడిపడి ఉంటుంది. విప్పేముందు మొదటి సిలిండర్‌ను కంప్రెషన్‌లో, ఫ్లైవీల్ మీద టైమింగ్ గుర్తు ఎదురుగా తెచ్చి, పంపు ఫ్లాంజ్‌కూ ఇంజిన్‌కూ కలిపి సన్న ఉలితో గీత పెట్టాలి. కప్లింగ్ మీద కూడా ఇంకో గీత. తిరిగి బిగించినప్పుడు టైమింగ్ వెనక్కి పోతే తెల్ల పొగ, బలహీనత. ముందుకు వస్తే ఇంజిన్ కటకటమని కొడుతుంది, పిస్టన్ల ఆయుష్షు తగ్గుతుంది.

విప్పిన పంపును షాపులో టెస్ట్ బెంచీ మీద తిప్పి, ఒక్కో ఎలిమెంట్ ఎన్ని స్ట్రోకులకు ఎన్ని సీసీలు ఇస్తోందో గాజు గొట్టాల్లో కొలుస్తారు. అన్నీ సమంగా వచ్చేలా సరిచేస్తారు. ఆ రీడింగులు కాగితం మీద అడిగి తీసుకోండి. ఇవ్వని షాపులో పని ఎలా జరిగిందో మీకు తెలిసే దారి లేదు. బిల్లు ఎలిమెంట్ల లెక్కన పెరుగుతుంది కాబట్టి నాలుగూ మార్చాలన్నప్పుడు పాతవి ఒకసారి చూపించమనడంలో మొహమాటం అక్కర్లేదు.

సీసపు సీలు వేసిన స్క్రూల గురించి ఒక మాట. ఇసుక, గ్రానైట్ లోడ్లకు బలం కావాలని డీజిల్ పెంచే స్క్రూ తిప్పించుకోవడం కరీంనగర్ వైపూ ఉంది, మన వైపూ ఉంది. ఎక్కువైన డీజిల్ కాలడానికి గాలి చాలదు. అది నల్ల పొగగా పోతుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లిన రోజు మళ్లీ తగ్గించాల్సి వస్తుంది. నాకైతే ఇందులో లాభం ఎక్కడుందో కనపడలేదు.

డీజిల్ మారినందుకు పాత పంపులకు ఒక చిక్కు కూడా వచ్చింది. 2017లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు దేశమంతా వచ్చినప్పుడు డీజిల్‌లో గంధకం 50 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 50), 2020లో బీఎస్-6తో 10 పీపీఎంకు తగ్గింది. గంధకం తీసే క్రమంలో డీజిల్‌కున్న సహజమైన జిడ్డుగుణం పోతుంది కాబట్టి రిఫైనరీలు దానికి మందు కలుపుతాయి. అందువల్ల బంకులో కొన్న డీజిల్‌తో ప్లంజర్లకు భయం లేదు. కానీ ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో ఉబ్బి ఉన్న రబ్బరు సీళ్లు కొత్తదానిలో కుంచించుకుపోయి కారొచ్చు. కొత్త సీళ్లు వేస్తే సరిపోతుంది. చౌకగా వస్తుందని కిరోసిన్ కలిపిన డీజిల్ పోస్తే మాత్రం ఏ సీలూ కాపాడదు. ప్లంజర్‌కు ఆయిలూ డీజిలే, ఇంధనమూ డీజిలే.

బండి బీఎస్-4, బీఎస్-6 అయితే పై పనులను దానిమీద ప్రయోగించకండి. వాటిలో అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ నిలువ ఉంచే కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి 1600 బార్‌లు, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపు నట్టు వదులు చేయడమంటే ప్రాణాలతో ఆటే. ఆ పంపు అరిగితే వచ్చే లోహపు పొడి రైలులోకి, ఇంజెక్టర్లలోకి, తిరుగు పైపు గుండా ట్యాంకులోకి కూడా చేరుతుంది. ఫిల్టర్ విప్పినప్పుడు డీజిల్‌లో మెరుపు కనిపిస్తే పంపొక్కటే మార్చి ప్రయోజనం లేదు, మొత్తం దారి కడగాలి. అది స్కానర్ ఉన్న వర్క్‌షాపు పని.

పాత ఫీడ్ పంపును తుక్కులో వేసేయకండి. గూడు పగలకపోతే వాల్వులు, స్ప్రింగులు, ఓ-రింగులు ఉన్న రిపేరు కిట్ దొరుకుతుంది, ధర కొత్త పంపులో కొంత భాగమే. కిట్ వేసి, డీజిల్‌లో ముంచి తీసి, రెండు మూతులూ మూసి, నాలుగు కొత్త రాగి వాషర్లతో పాటు గట్టి కవరులో చుట్టి టూల్ బాక్సులో పెట్టుకుంటే, ములుగు దాటాక ఏటూరునాగారం అడవి దారిలో బండి ఆగినా అక్కడే మార్చుకోవచ్చు.